సహాయ నిధి జాబితా అందరికీ ఎందుకు?

మొన్న మీటింగులో ఒక తమ్ముడు అడిగాడు: "రైల్వేలో అన్నేళ్ళు లెక్కలు రాసినవాళ్ళు, ఒక్క తాళం మెయిల్ పంపలేకపోయారా?" నవ్వేసి ఊరుకున్నాం గానీ జవాబు బాకీ ఉంది. మేము చదివింది తమిళం బడిలో, తెలుగు రాయడం ఇంట్లో నేర్చుకున్నదే. తప్పులుంటే సర్దుకోండి.

అసలు తాళం ఎందుకొచ్చిందో గుర్తుందా? వైద్య సహాయం తీసుకున్నవారి పేర్లు, బ్యాంకు ఖాతాలతో సహా, మామూలు మెయిల్‌లో అందరికీ పంపాం. కొన్నాళ్ళకు అందులో ఒక ఇంట్లో పెళ్ళిచూపులు జరిగితే, వచ్చినవాళ్ళు "మీకు సంఘం డబ్బిచ్చిందట కదా" అన్నారు. ఆ తల్లి మళ్ళీ మన గడప తొక్కలేదు. ఆ తప్పు మాదే.

అందుకే థండర్‌బర్డ్ పెట్టుకున్నాం. ఇందులో వాడే పద్ధతికి మూలం ఫిల్ జిమ్మర్‌మన్ 1991లో బయటపెట్టిన పీజీపీ. మాకు అది ఒకప్పుడు రైలు గార్డు పెట్టెలో ఉండిన క్యాష్ సేఫ్‌లా అనిపించింది. ఏ స్టేషన్ వాళ్ళయినా సీలు వేసిన తోలు సంచీ లోపలికి జారవిడిచేవారు, తీసేది మాత్రం క్యాష్ ఆఫీసులోనే. ఇక్కడ ప్రతి సభ్యుడికీ అలాంటి సొంత పెట్టె ఉండాలి. ఉత్తరం ఒక్కసారే తాళం పడుతుంది, దాన్ని తెరిచే చిన్న తాళంచెవి మాత్రం ఒక్కొక్కరి పెట్టెలో విడివిడిగా వేయాలి.

తంటా అంతా అక్కడే. మనం రెండు వందల పైచిలుకు. ముఖేడ్‌లో ఉన్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి చేసిపెట్టాం, పుణె, సోలాపూర్, నిజామాబాద్ వాళ్ళకు ఫోన్లో చెప్పాం. ఒకరు తాళానికి ఏడాదే గడువు పెట్టుకున్నారు, అది దాటిపోయింది. ఆ ఒక్కరి వల్ల మెయిల్ ఎవరికీ కదల్లేదు. ఒక్క పెట్టెకు సీలు లేదని బండినే ఆపినట్టు! ఇంకొకరు కంప్యూటర్ మార్చి రహస్య తాళంచెవి పోగొట్టుకున్నారు, పాత మెయిళ్ళు ఇక తెరుచుకోవు. తిట్లు మాకు. చివరికి ఎలాగో పంపితే, ఒక పెద్దాయన తెరిచి, మొత్తం కాపీ చేసి, మామూలు మెయిల్‌లో 'అందరికీ జవాబు' నొక్కారు. అయిపోయింది.

వాట్సాప్‌లో పెడదామంటున్నారు, 2016 నుంచి అదీ తాళమే కదా అని. నిజమే. కానీ ఆ తాళం దారిలో కాపలా, చదివినవాడి వేలికి కాదు. ఫార్వర్డ్ నొక్కడానికి ఎంతసేపు?

మా మాట ఇది: జాబితా అందరికీ వెళ్ళనే వద్దు. ఎందరికి ఇచ్చాం, మొత్తం ఎంత అన్నది అందరికీ బాహాటంగా పంపుదాం. పేర్లూ ఖాతాలూ కార్యదర్శి, కోశాధికారి, ఆడిట్ చూసేవారు ముగ్గురి మధ్యే తాళం మెయిల్‌లో తిరగాలి. ముగ్గురి గడువులు గుర్తుపెట్టుకోవడం మాకు చేతనవును. విషయం గీతలో పేర్లు రాయకూడదు, చాలా ప్రోగ్రాములు దానికి తాళం వేయవు.

"దాస్తే అనుమానం వస్తుంది" అన్న అన్నగారికి: అనుమానం ఉన్న సభ్యుడు ఎవరైనా ఆఫీసుకు వచ్చి, పుస్తకం అక్కడే కూర్చుని చూసుకోవచ్చు, ఫోను బయట పెట్టి. ఒప్పుకోనివాళ్ళు వచ్చే మీటింగులో చెప్పండి. ఆ తల్లి ఇంటికి మాత్రం మేము ఈ ఆదివారమే వెళ్తున్నాం, కమిటీ నుంచి ఇంకొకరు తోడు రావాలి.