ఇంటిపనికి సర్కారు సాయము

పరుల యిండ్లలో అంట్లు తోమి, బట్టలుతికి, వంట చేయు స్త్రీల శ్రమ యే చిట్టాలోను ఎక్కదు. పొలముపనులు లేని దినములలో పట్టణములకు పోయి యీ పనులు చేయువారు మన పల్లెలలోను గలరు. కావున నీ విషయము కర్షకులకు సంబంధింపనిది కాదు.

ఈ శ్రమను లెక్కలోనికి దెచ్చుటకు బెల్జియము దేశమున 2001 లో నొక శాసనము చేసిరి. గృహస్థుడు చీట్లను ముందుగా కొనును. ఒక్కొక్క చీటి గంటపనికి సరి. పని ముగిసినతోడనే దానిని పనివారి కిచ్చును. వారు తమ్ము నియమించిన సంస్థకు చేర్తురు. సంస్థ దానిని మార్చి సొమ్ము పొందును. 2014 లో గృహస్థుడిచ్చినది 9 యూరోలు. సంస్థకు ముట్టినది 22 యూరోలకు పైగా. నడుమ లోటు సర్కారు భరించినది.

దీనివలని మేలు స్వల్పము కాదు. లక్షకు మించిన పనివారికి, అందును ముఖ్యముగా స్త్రీలకు, వ్రాతపూర్వకమైన ఒడంబడికయు, సెలవులును, పింఛను హక్కును సమకూడినవి. చాటుకూలి తగ్గినది. వెచ్చించిన ధనములో కొంత పన్నులుగాను, నిరుద్యోగభృతి మిగులుగాను ఖజానాకు తిరిగి వచ్చును.

అయినను వచ్చునది కొంతయే. చీట్ల వాడుక పెరిగినకొలది భారమును పెరుగును. సాయము కలిగిన కుటుంబములకే మిక్కిలిగా పోవుచున్నదను విమర్శయు గలదు. వంగి తుడిచి నడుమునొప్పి దెచ్చుకొను పనివారి కూలి మాత్రము తక్కువగనే యున్నది. ధర హెచ్చించినచో గృహస్థులు మరల చాటుకూలికి దిగుదురని కొంద ఱందురు. ఈ భయము నిరాధారము కాదు. ఒక్కుమ్మడిగా హెచ్చించిన నట్లే యగును. కొలది కొలదిగా హెచ్చించుటయే మేలు. ఫ్లాండర్సు ప్రాంతమున 2025 జనవరి మొదలు చీటిధర 10 యూరోలైనది.

మా మతమున మూడు నియమములు వలయును. మొదటిది, ధర కూలితోపాటు క్రమముగా పెరుగవలెను. వృద్ధులకును, నిరుపేదలకును తగ్గింపుండవలెను. రెండవది, హెచ్చిన సొమ్ము మొదట కూలికిని, పనివారి ఆరోగ్యమునకును పోవలెను. సంస్థ లాభము పిదప చూచుకొనవచ్చును. మూడవది, సాయము పొందు ప్రతి సంస్థయు తన జమాఖర్చులను ఏటేట ప్రకటింపవలెను.

ఇంటిపనివారి హక్కులను గూర్చి 2011 లో జెనీవాలో అంగీకరింపబడిన అంతర్జాతీయ ఒడంబడికను మన దేశము ఇంకను ధ్రువపఱుపలేదు. అట్టి పథకము మనకును రాదగును. వచ్చిననాడు పనివారలే సభ్యులైన సహకార సంఘములు దానిని నడుపుట యుక్తము. పరపతి సంఘములు నడిపిన మనకు తెలిసిన దొక్కటే: సాయము ఎవరి చేతికి చేరునో తెలియనిచో, అది ఎన్నడును చేరవలసినవారికి చేరదు.