మాచునూర్ చేలు మెదక్ వరి రైతుకు చెప్పే మాట



మన మెదక్ చుట్టుపక్కల ప్రకృతి వ్యవసాయం చేసే ఇద్దరు కలిస్తే ముచ్చట ఎటు పోతుందో అందరికీ తెలుసు. జీవామృతం ఎన్నిసార్లు పారించినవ్, ఘనజీవామృతం ఎంత చల్లినవ్, నీమాస్త్రం కొడితే పురుగు ఆగిందా లేదా. ఇవన్నీ కావాల్సినవే. కానీ నా అభిప్రాయం సూటిగా చెప్తా. యూరియా బస్తా తీసి అక్కడ జీవామృతం డ్రమ్ము పెట్టినంత మాత్రాన వ్యవసాయం మారినట్టు కాదు. విత్తనం దుకాణం నుంచే వస్తుంటే, పొలంలో ఒక్కటే పంట ఉంటే, అమ్మకం ఒక్క కొనుగోలు కేంద్రం మీదనే ఆధారపడితే, మన జుట్టు ఇంకా ఇంకొకరి చేతిలోనే ఉన్నట్టు. ఈ మాట ఎందుకంటున్ననో తెలియాలంటే జహీరాబాద్ దిక్కు ఒకసారి చూడాలి. వీడియోలో ఉన్న చేలు ఆ ప్రాంతానివే.

ఊరు, చుట్టుపక్కల సీమ

మాచునూర్ ఝరాసంగం మండలంలో చిన్న ఊరు. 2016 దాకా మన ఉమ్మడి మెదక్ జిల్లానే, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. కేతకి సంగమేశ్వరస్వామి గుడికి పోయినవాళ్లకు ఆ దారి తెలిసే ఉంటది. బీదర్ దగ్గర కాబట్టి అక్కడి మాటలో తెలుగుతో పాటు కన్నడం, ఉర్దూ కలిసి వినిపిస్తయి. నేలలు ఎక్కువగా ఎర్రవి, అక్కడక్కడ నల్లరేగడి. నీళ్లున్న చోట చెరుకు, అల్లం, ఆలుగడ్డ పండిస్తరు. బోరు లేనోళ్ల చెల్కలకు వానే దిక్కు.

ఈ చెల్కల మీదనే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పనిచేస్తున్నది. దూరదర్శన్‌లో పనిచేసి వచ్చిన పి.వి. సతీష్ గారు దాన్ని నడిపించిన్రు. 2023 మార్చిలో ఆయన కాలం చేసిన్రు. సంఘాల్లో ఉన్నది ఎక్కువగా దళిత మహిళలు, ఎకరం రెండెకరాల వాళ్లు. మాచునూర్‌లోనే వాళ్ల పిల్లల కోసం పచ్చసాలె అనే బడి, 2008 అక్టోబరు 15న మొదలైన సంఘం రేడియో ఉన్నయి. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు ఊరి ఆడబిడ్డలు ఆ రేడియోను నిలబెట్టిన్రు. ఈ సంఘాల పనికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది. పక్కనే బిడకన్నెలో 2017లో ప్రపంచ పర్మాకల్చర్ సమ్మేళనం జరిగింది. ఎన్నో దేశాల రైతులు మన చెల్కలను చూసి పోయిన్రు. మెదక్ నుంచి పోయి చూసినోళ్లు ఎంతమంది?

ఒక చేను, పదిహేను పంటలు

అక్కడ వానకాలం చేనులోకి అడుగుపెడితే ఏ పంట వేసిన్రో ఒక్క మాటలో చెప్పలేం. పచ్చజొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, పెసర, మినుము, బొబ్బర్లు, అనుములు, నువ్వులు, పుండి, అన్నీ సాళ్ల లెక్కన కలిసి ఉంటయి. పెసర రెండు నెలల చిల్లరకే ఇంటికొస్తది. కొర్ర, సజ్జ దాని వెనుక, జొన్న ఆ తర్వాత. కంది సంక్రాంతి దాకా నిలబడతది. పప్పుజాతి వేర్లు గాలిలోని నత్రజనిని నేలకు పట్టిస్తయి. కంది వేరు లోతుకు పోతది, సామ వేరు పైననే ఉంటది, కాబట్టి తేమ కోసం కొట్లాట తక్కువ. వాన ముందు ఎగ్గొడితే వెనుక పంట, వెనుక ఎగ్గొడితే ముందు పంట చేతికొస్తది. పంటల బీమా కాగితం లేని రైతుకు ఇదే బీమా.

యాసంగిలో నల్లరేగడి మీద మంచు తేమతోనే వచ్చే శనగ, కుసుమ, అవిసె లాంటి వాటిని అక్కడివాళ్లు 'సత్యం పంటలు' అంటరు. నీళ్లు పారించకున్నా, ఎరువు వేయకున్నా, భూమి సత్యంతో పండేవి అని. మనం కలుపు అని పీకి పారేసే తుమ్మికూర, దొగ్గలికూర, పొన్నగంటి అక్కడ పొద్దుటి కూర. మందు కొట్టని చేనులోనే ఆ కూర తినగలం, ఇది మరవొద్దు.

విత్తనం, గింజల నిధి

అసలు బలం ఇంట్లో ఉంది. విత్తనాన్ని బూడిద, వేపాకు కలిపి వెదురు గుమ్ముల్లో పోసి మట్టితో మూతి మూస్తరు. విత్తనం లేని అక్క ఉన్న అక్క దగ్గర తీసుకుంటది, పంటొచ్చినంక కొంత ఎక్కువ కలిపి తిరిగిస్తది. డబ్బు మాట లేదు. ఏటా సంక్రాంతికి పాత పంటల జాతర మొదలుపెట్టి, విత్తనాలతో అలంకరించిన ఎడ్లబండ్లను దాదాపు నెలరోజులు ఊరూరా తిప్పుతరు.

1990ల నడుమ ఇంకో పని చేసిన్రు. పడావుపడ్డ భూములు దున్నుకోవడానికి అప్పు ఇచ్చి, ఆ అప్పును ఏటా కొంత చొప్పున జొన్నల రూపంలో కట్టించుకున్నరు. ఆ గింజలు ఊళ్లోనే దాచి, తిండికి ఇబ్బంది అయ్యే నెలల్లో పేదింటికి తక్కువ ధరకు ఇచ్చిన్రు. ఎవరు ఎంత పేదోళ్లో ఊరివాళ్లే కూర్చొని తేల్చిన్రు. బియ్యం లారీ కోసం ఎదురుచూడని రేషన్ అది.

మన దగ్గర కుదురుతదా?

కొందరు అంటరు, మనకు ఘనపురం కాలువ ఉంది, మంజీర నీళ్లున్నయి, వరి వదిలి జొన్న ఎందుకు అని. కాలువ కింది మడిలో జొన్న వేయమని నేను చెప్పను. బోరు మీద వరి నాటి మార్చిలో మోటారు దగ్గర కాపలా కూర్చునే చెల్కల సంగతి నేను అంటున్న. ఆ భూమికి వరి భారమే.

ధర సంగతి కూడా దాచొద్దు. 2024-25లో వరికి మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు, హైబ్రిడ్ జొన్నకు 3,371. కాగితం మీద జొన్నే మేలు. కానీ వడ్లకు ఊళ్లోనే కొనుగోలు కేంద్రం ఉంది, సన్నాలకు 500 బోనస్ ఉంది. కొర్రలు, సామలు పట్టుకొని రైతు ఎవరి గడప తొక్కాలి? ప్రకృతి వ్యవసాయం చేయమని సభల్లో చెప్పే ప్రభుత్వం ఈ గింజలను కొని అంగన్‌వాడీకి, హాస్టళ్లకు పెడితే సగం సమస్య తీరుతది. ఇది మనం గట్టిగా అడగాలి.

కష్టాలు ఇంకా ఉన్నయి. కలుపుకు, కోతకు మనుషులు కావాలి, ఆ పని భారం ఎక్కువగా ఆడోళ్ల మీదనే పడతది. వడ్ల మడుల నడుమ ఒక్కరే జొన్న వేస్తే పిట్టలు గింజ మిగల్చవు. అందుకే ఒక్కరు చేస్తే కాదు. ఒక ఊళ్లో పదిమంది ఒకే దిక్కున తలా అర ఎకరం వేయాలి. అమ్మకం తర్వాత, ముందు మన ఇంటి తిండికి వేయాలి. విత్తనం కొనొద్దు, తెచ్చుకొని తిరిగిచ్చే పద్ధతి మొదటేడే పెట్టుకోవాలి.

భూమి మిగిలితేనే

చివరగా ఒక బాధ. ఇదే ఝరాసంగం, న్యాల్కల్ మండలాల్లో నిమ్జ్ పేరుతో పరిశ్రమల కోసం 12,600 ఎకరాలకు పైగా భూమి గుర్తించిన్రు. ఉద్యోగాలు వద్దని ఎవరూ అనరు. కానీ వానతోనే ఇన్ని పంటలు పండించే నేలను 'పనికిరాని మెట్ట' అని లెక్కగట్టడం తప్పు. ఎకరానికి పరిహారం లెక్కేసేటోళ్లు ఆ ఎకరంలో ఉన్న పదిహేను రకాల విత్తనానికి, దాన్ని కాపాడిన తల్లుల తెలివికి ఏ ధర కడతరు? పోయిన విత్తనం చెక్కుతో తిరిగి రాదు.

వచ్చే సంక్రాంతికి జాతర బండ్లు కదిలినప్పుడు మన మెదక్ నుంచి ఒక జీపు నిండా రైతులం పోదాం. ఇంట్లో ఆడోళ్లను తప్పక తీసుకురండి, అక్కడ అడగాల్సిన ప్రశ్నలు వాళ్లకే బాగా తెలుసు. వచ్చేటప్పుడు తలా పిడికెడు విత్తనం తెచ్చుకుందాం. తొలకరికి ఇంకా టైం ఉంటది, చెల్క సిద్ధం చేసుకోవచ్చు.