తాళం పగలగొట్టడం సూపర్‌వైజర్ పని కాదు

2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు సమ్మెకు దిగారు. టీచర్‌కు నెలకు 11,500, ఆయాకు 7,000 ఇస్తే ఇల్లెట్లా గడుస్తుందని అడిగారు. ప్రభుత్వం సచివాలయ సిబ్బందిని పంపి కేంద్రాల తాళాలు పగలగొట్టించింది. జనవరి 6న ఎస్మా ప్రయోగించింది. 42 రోజులు నాన్చింది.

పైనుంచి ఏ ఆదేశమొచ్చినా ఊళ్లోకి మోసుకొచ్చేది సూపర్‌వైజరే. ఎవరీమె? 2022లో 560 గ్రేడ్-2 సూపర్‌వైజర్ పోస్టులు ప్రకటించి, అంగన్‌వాడీ టీచర్లనే పరీక్ష రాయమన్నారు. నిన్నటిదాకా గుడ్లు లెక్కపెట్టి, పిల్లల్ని తూకమేసిన మనిషి ఆమె! తోటి టీచర్ మీదికి ఆమెనే ఉసిగొల్పడం పాలన కాదు, దుర్మార్గం.

మాధవరం, ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో ఆ నెలలు సుగ్గి కాలం. మిర్చి కోతలకని కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు పోతాయి. అవ్వాతాతల దగ్గర మిగిలిన పిల్లలకు అంగన్‌వాడీ అన్నమే ఆధారం. సమ్మెతో వాళ్లకు నష్టం జరగలేదా? జరిగింది. దానికి జవాబుదారీ చర్చలు సాగదీసిన ప్రభుత్వమే. ఆ పాపం సూపర్‌వైజర్ నెత్తిన రుద్దితే ఊరుకోం.

చట్టమూ ఆమెను ఒంటరిని చేసింది. 1964 ప్రవర్తనా నియమావళి ప్రభుత్వోద్యోగుల సమ్మెను నిషేధించింది. సమ్మె వాళ్ల ప్రాథమిక హక్కు కాదని 2003లో రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రైవేటులోనూ ఇదే తంతు. పరిశ్రమలో పనిచేసే వాళ్లందరినీ కార్మికులుగానే చూసింది 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం. కానీ 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ కింద వివాదమొస్తే, జీతం 18,000 దాటిన సూపర్‌వైజర్ కార్మికుల లెక్కలోకే రాడు. ఆ జీతానికి యజమాని అయిపోయాడా?

యూనియన్ నాయకులారా, మీరూ వినండి. ప్రమోషన్ వచ్చిన మర్నాడే “ఇంక ఆమె వాళ్ల మనిషి” అని దూరం పెడుతున్నారు. దూరం పెట్టిన మనిషి మీ పక్షాన నోరెందుకు విప్పాలి? ఆమెను కలుపుకోండి, ఆమె సంఘంతో కలిసి నడవండి.

కేంద్రాలు తనిఖీ చేయనివ్వండి. సరుకు దారి మళ్లితే మెమో ఇవ్వనివ్వండి. అది ఆమె ఉద్యోగం. సమ్మె రోజుల్లో మాత్రం తాళాలు పగలగొట్టే పని, పేర్లు రాసి పంపే పని, నోటీసులు అంటించే పని ఆమెకు అప్పగించకూడదని లిఖితపూర్వక ఉత్తర్వు రావాలి. వచ్చే చర్చల్లో జీతం డిమాండు పక్కనే, అదే పేజీలో, యూనియన్లు ఈ డిమాండు పెట్టాలి.