కట్టని గోడకు సొమ్ము

గోడ లేవకముందే గోడకు సొమ్మేల యని పలువురు ప్రశ్నింతురు. ప్రశ్న న్యాయమైనదే. కాని పది లక్షల రూపాయల ఇనుప కమ్ములను పనిచోట దించి, అవి స్తంభములలోనికి చేరువరకు నెలల తరబడి అంత ధనమును బంధించుకొనగలవాడు పెద్ద కంట్రాక్టరు మాత్రమే. చిన్నవాడు వడ్డీవ్యాపారి గడప త్రొక్కును. ఆ వడ్డీ తుదకు టెండరు ధరలో చేరి ప్రజల నెత్తినే పడును. కావుననే కేంద్ర పబ్లిక్ వర్క్సు లెక్కల కోడు, పనిచోటికి చేరిన చెడిపోని సామగ్రి విలువలో నూటికి 75 వంతులకు మించకుండ ముందుగా సొమ్ము నిచ్చుటకు అంగీకరించినది. కచేరీ భాషలో దీనికి సెక్యూర్డ్ అడ్వాన్సని పేరు. 1999 నాటి ఫిడిక్ షరతులలో ఈ వంతు 80.

పది లక్షల కమ్ములపై ఏడున్నర లక్షలు వచ్చును. అందు సగము పనిలో కలిసి బిల్లు వ్రాయబడినప్పుడు, ఆ బిల్లులోనే మూడు లక్షల డెబ్బదియైదు వేలు మినహాయింపవలెను. పని యంతయు ముగియువరకు ఈ వసూలును వాయిదా వేయరాదని కోడు శాసించుచున్నది. శాసనము మంచిదే. కాని పని నిలిచినచో బిల్లు లేదు. బిల్లు లేనిచో మినహాయింపును లేదు. అప్పుడు సర్కారునకు మిగులునది ఆ సరుకు గుట్టయే. అమరావతిలో 2019లో సచివాలయ సౌధముల పని నిలిచి, పునాదులు నీట మునిగి, 2024లో ఐ.ఐ.టి. నిపుణులు వచ్చి వాని దృఢత్వమును పరీక్షింపవలసివచ్చెను. పునాదులకే యట్టి గతి పట్టినప్పుడు ఆరుబయట పేర్చిన కమ్ముల మాట చెప్పనేల? సిమెంటు సంగతి మరియు నాజూకు: మూడు నెలలు మించి నిలువయున్నచో తిరిగి పరీక్షింపక వాడరాదు.

సొమ్ము చెల్లించుటకు ముందు సబ్ డివిజనల్ ఆఫీసరుకు తక్కువ కాని యుద్యోగి మూడు సంగతులు ధ్రువపరుపవలెను. సరుకు నిజముగా వచ్చినదని, దాని పూచీపై మునుపు సొమ్మీయలేదని, ధర కుదిరిన పనికే అది అవసరమని. నాలుగవ ప్రశ్న యందు లేదు. ఆ సరుకును విక్రయించిన వర్తకునకు పైకము ముట్టినదా?

ఇది చిన్న ప్రశ్న కాదు. అమ్మువానికి లేని హక్కు కొనువానికి రాదని 1930 నాటి సరుకుల విక్రయ చట్టపు 27వ సెక్షను చెప్పు సామాన్య సూత్రము. పైకము ముట్టువరకు హక్కు తనదేయని వర్తకుడు వ్రాయించుకొనియున్నచో, సర్కారువారి తాకట్టు వ్యాజ్యములో పడును. వ్రాయించుకొననిచో, సరుకు చేయి దాటినంతనే దానిని పట్టియుంచు హక్కు పోయి, వర్తకుడు సామాన్యమైన అప్పులవానివలె కంట్రాక్టరు వెంట తిరుగును. అతని సరుకుపై వచ్చిన సర్కారు సొమ్ము ఈలోపున మరియొక జిల్లాలో మరియొక పనికి ధరావతుగా చేరియుండును! సిమెంటు అంగళ్లలోని అప్పుపద్దులను చూచినవారికి దీనిని మేము విపులీకరింప నక్కరలేదు.

కనుక అడ్వాన్సు బిల్లుతో వర్తకుని రసీదును జతపరుపవలెనని, రసీదు లేనిచో కంట్రాక్టరు సమ్మతితో ఆ భాగమును వర్తకునకే నేరుగా చెల్లింపవలెనని మేము కోరుచున్నాము. జాప్యమగునని కచేరీవారు చెప్పుదురు. కంట్రాక్టరుచేత తాకట్టు పత్రము వ్రాయించుటకు పట్టు కాలములో ఒక రసీదు తెప్పించుట సాధ్యము కాదా?