కామెర్ల మందుకు ముందు నల్లా గుంత

కళ్లు పచ్చబడగానే మన ఇళ్లలో మొదట జరిగే పని నేల ఉసిరి కోసం వెతుకులాట. ఆ మూలిక మీద మాకు గౌరవం లేకపోలేదు. అయితే ఆయుర్వేదం మందు కంటె ముందు నిదాన పరివర్జనం, అనగా రోగకారణమును తొలగించుట, చెప్పినది. కరీంనగర్, మంచిర్యాల, బెల్లంపల్లి వంటి పట్టణాలలో ముప్పై, నలభై ఏళ్ల క్రితం కట్టుకున్న ఇళ్లలో ఆ కారణం వాకిట్లోనే, నల్లా గుంతలోనే ఉండవచ్చును.

ఆనాటి ఇళ్లకు వేసినవి ఎక్కువగా ఇనుప జి.ఐ. గొట్టాలు. నీరు వచ్చేది రోజులో కొద్దిసేపు. మిగతా సమయమంతా గొట్టంలో గాలి. తడి, గాలి ఒకదాని వెంట ఒకటి తగులుతుంటే పైనున్న జింకు పూత అరిగి, ఇనుము తుప్పుపట్టి, చిల్లులు పడును. పొద్దున మొదటి బిందెలో వచ్చే ఎర్రనీరు ఆ సంగతే చెబుతున్నది. ఎర్రదనం కంటికి కనిపిస్తుంది. అసలు ప్రమాదం కనిపించదు. సరఫరా ఆగినప్పుడు గొట్టంలో ఒత్తిడి పడిపోయి, చిల్లుల గుండా చుట్టూ ఉన్న మురుగును అది లోపలికి పీల్చుకొనును. ధార సన్నగా వస్తున్నదని మనం గుంత తవ్వి నల్లాను కిందికి దించుతాము; వానకు ఆ గుంత నిండి నల్లా మూతి మునుగుతుంది. ఇంకొందరు నేరుగా గొట్టానికే మోటారు బిగిస్తారు. అది తమ ఇంటికి నీటినే కాదు, వీధి మోరీని కూడా లాగుతున్నదని వారికి తోచదు.

దిగువ మానేరు నుంచి తెచ్చి శుద్ధి చేసిన నీరైనా చివరి పది గజాలలో చెడిపోవచ్చును. 2009 మే నెలలో హైదరాబాదు భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన మంచినీరు తాగి పలువురు మరణించారు.

కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఇ బయటపడుటకు రెండు నుంచి పది వారాలు పట్టును. అందుకే ఎవరూ గొట్టాన్ని అనుమానించరు; నిన్న తిన్న బజ్జీని తిట్టుకుంటారు! గర్భిణులకు ఈ జబ్బు ప్రాణాంతకం కావచ్చు గనుక వారి విషయంలో ఇంటివైద్యంతో కాలయాపన తగదు, వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను.

సుశ్రుతుడు నీటిని తేర్చుటకు చిల్లగింజను చెప్పినాడు. అది మడ్డిని అడుగుకు దింపును గాని, మోరీ నుంచి వచ్చిన క్రిములను చంపదు. రాగి బిందె ఉన్నదన్న ధైర్యమూ చాలదు. గొట్టం బాగయ్యేవరకు తాగేనీటిని తెర్లించి చల్లార్చుకొనుటయే దారి.

దసరాకు గోడలకు రంగులు వేయించే మనము, గొట్టం సంగతి వచ్చేసరికి చిల్లు మీద సైకిలు ట్యూబు ముక్క చుట్టి సరిపెట్టుకుంటాము. ఒక ఏడు రంగులు మానుకొనుట మేలని మా అభిప్రాయం. కొత్త గొట్టాన్ని మోరీ లోపలి నుంచి గాక, దానికి ఎడంగా, పైఎత్తున వేయించాలి. గుంత పూడ్చి, నల్లాను నేలకు పైన బిగించాలి. నీరు అంత ఎత్తు ఎక్కకపోతే మూతగల సంపులో పట్టుకొని, మోటారును ఆ సంపుకే పెట్టుకోవాలి. వీధి గొట్టం కలిసేచోటు మునిసిపాలిటీది; అక్కడ చిల్లు ఉంటే ఇంట్లో ఎంత ఖర్చు పెట్టినా వృథా కనుక, వాడకట్టులో నలుగురు కలిసి అర్జీ ఇచ్చి, ప్లంబరు పని మొదలుపెట్టకముందే దానిని తవ్వించి చూపించుకొనవలెను.