వెలుగు తగ్గితే అనుమానించాలి

ఈసారి ముఖచిత్రం మీద కనిపించేది అలీవిబ్రియో ఫిషెరి అనే సముద్రపు బ్యాక్టీరియా. ఒంట్లో బాగున్నంతసేపు నీలిపచ్చ వెలుగు చిందిస్తుంది, విషం తగిలితే మందగిస్తుంది. పొడిగా దాచిన ఈ జీవుల్ని ఉప్పునీటిలో తడిపి మేల్కొలిపి, 15 డిగ్రీల దగ్గర ఉంచి, అనుమానమున్న నీటిని కలుపుతారు. అరగంటలో వెలుగు ఎంత పడిపోయిందో మీటరు చెప్పేస్తుంది. ఈ పరీక్షకు ఐఎస్ఓ 11348 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది.

అయితే ఈ పరీక్ష విషముందని చెబుతుందే గానీ, ఏ విషమో చెప్పదు. ఆ పనికి వేరే జీవులున్నాయి. వియత్నాం బోరునీళ్లలో ఆర్సెనిక్‌ను పట్టుకోవడానికి జన్యువులు మార్చిన ఇ.కోలై బ్యాక్టీరియాను వాడారు. అక్కడ లెక్క తిరగబడుతుంది: ఆర్సెనిక్ ఉంటేనే వెలుగు. (జన్యుమార్పిడి జీవిని ప్రయోగశాల గడప దాటించాలంటే అనుమతుల తంటా తప్పదనుకోండి.)

హైదరాబాద్ దగ్గరి పారిశ్రామిక వాడ పటాన్‌చెరు లాంటి చోట నీళ్లలో కలిసే రసాయనాలను ఒక్కొక్కటిగా వెతకడం అయ్యే పని కాదు. ముందు వెలిగే జీవులతో జల్లెడ పట్టి, తేడా కనిపించిన నమూనాలనే ఖరీదైన పరీక్షలకు పంపడం మేలని మా అభిప్రాయం. మీ ఊరి చెరువు పక్కన ఫ్యాక్టరీ ఉంటే, ఆ నీటిని ఎవరు, ఎప్పుడు పరీక్షించారో కనుక్కుని మాకు రాయండి.