చేతులకు మట్టి అంటనివ్వండి

ఈ వ్యాసం చదవడం మొదలుపెట్టే ముందు ఒక్క నిమిషం మీ చిన్ననాటి బడిని గుర్తు చేసుకోండి. మీలో కొందరు ఐదో తరగతితోనో, ఏడో తరగతితోనో చదువు మానేసి ఉంటారు. కొందరు అసలు బడి గడపే తొక్కి ఉండరు. ఇప్పుడు పగలంతా పనిచేసుకొని, రాత్రి ఈ పుస్తకం ముందు కూర్చుంటున్నారు. బడి అనగానే మీకు ఏమి గుర్తుకు వస్తుంది? పలక, బలపం, "దిద్దు" అన్న గద్దింపు, అరచేతి మీద పడిన బెత్తం దెబ్బ. చాలామందికి చదువంటే భయం అక్కడే మొదలైంది.

ఇప్పుడు మీ ఇంట్లోనో, మీ వీధిలోనో మూడేళ్ళ, నాలుగేళ్ళ పిల్లలు ఉండే ఉంటారు. వాళ్ళను ఎక్కడికి పంపాలి, అక్కడ వాళ్ళు ఏమి చేయాలి అన్న ప్రశ్నకు జవాబు చెప్పవలసినవారు మీరే. నా అభిప్రాయం ముందే చెబుతున్నాను. ఆరేళ్ళ లోపు పిల్లలకు నీళ్ళు, మట్టి, ఆకులు, గింజలు, రంగులే మొదటి పాఠ్యపుస్తకాలు. వాటిని లాక్కొని చేతిలో పెన్సిల్ పెట్టడం చదువును ముందుకు జరపడం కాదు, చదువు పునాదిని తవ్వేయడం. ఎందుకు ఇలా అంటున్నానో వివరిస్తాను. చదివాక మీరు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. కాని ఆలోచించకుండా వదిలేయకండి.

గుమ్మడికాయ చెప్పిన పాఠం

కొంతకాలం క్రితం మా ఊరి అంగన్‌వాడీకి వెళ్ళాను. టీచరు ఒక తొట్టిలో నీళ్ళు పోసి, పక్కన ఒక గులకరాయి, ఎండుటాకు, ఇనుప మేకు, చెక్కముక్క, చిన్న గుమ్మడికాయ పెట్టింది. "వీటిలో ఏది మునుగుతుంది?" అని అడిగింది. పిల్లలందరూ ఒకే గొంతుతో "గుమ్మడికాయ" అన్నారు. అన్నిటిలోకీ అదే బరువు కదా! గులకరాయిని వేశారు. బుడుంగున మునిగింది. గుమ్మడికాయను వేశారు. తేలింది. ఒక పిల్లవాడికి నమ్మకం కలగలేదు. రెండు చేతులతో దాన్ని అడుగుకు నొక్కి వదిలాడు. అది మళ్ళీ పైకి వచ్చింది. తరువాత టీచరు ఖాళీ స్టీలు గ్లాసును నీటి మీద నిలబెట్టింది. అదీ తేలింది. కాని గ్లాసులో నీళ్ళు పోసేసరికి మునిగిపోయింది. పిల్లల కళ్ళు పెద్దవయ్యాయి.

అదే సమయంలో గుమ్మం దగ్గర నిలబడ్డ ఒక తల్లి, "టీచరమ్మా, ఈ నీళ్ళాటలు మావాడు ఇంట్లోనూ ఆడతాడు. అక్షరాలు ఎప్పుడు నేర్పుతారు?" అని అడిగింది. తరువాతి జూన్‌లో ఆమె కొడుకును టై, బూట్లు ఉన్న బడికి మార్చింది.

ఆ తల్లిని నేను తప్పుపట్టను. ఆమెకు చదువు రాదు. తన కష్టం కొడుక్కి రాకూడదనుకుంది. ఆమె కోరిక న్యాయమైనదే. లెక్క మాత్రం తప్పింది. ఆ రోజు ఆమె కొడుకు ఏమి నేర్చుకున్నాడో చూడండి. మొదట ఒక ఊహ చేశాడు. దాన్ని పరీక్షించాడు. ఊహ తప్పని తేలితే, నమ్మలేక మరోసారి తన చేతులతో పరీక్షించాడు. ప్రయోగశాలలో శాస్త్రవేత్త చేసే పని కూడా ఇదే. సాంద్రత అన్న మాట అతనికి ఇప్పుడు అవసరం లేదు. పై తరగతిలో ఆ మాట వచ్చినప్పుడు, దాని వెనుక ఒక గుమ్మడికాయ నిలబడి ఉంటుంది. ఆ అనుభవం లేనివాడు నిర్వచనాన్ని బట్టీ పట్టి, పరీక్ష అయ్యాక మరచిపోతాడు. మీ విజ్ఞానశాస్త్రం పుస్తకంలో ఏ పాఠాలు సులువుగా ఎక్కుతున్నాయో గమనించండి. మీరు చేతులతో చేసిన పనికి దగ్గరగా ఉన్నవే కదా!

రంగు వేరు, శాస్త్రం వేరు కాదు

పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని మీకు తెలుసు. పారాణి అలాగే చేస్తారు. ఆ ఎర్రటి మీద నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపుపచ్చ అవుతుంది. ఎర్ర మందార రేకులను తెల్లకాగితం మీద రుద్దండి. ఊదారంగు మరక పడుతుంది. దాని మీద నిమ్మరసం చుక్క వేస్తే గులాబీ రంగు వస్తుంది. సబ్బునీళ్ళు వేస్తే పచ్చదనం వైపు మారుతుంది. పిల్లవాడికి ఇది బొమ్మ వేయడం. మీ పుస్తకంలో ఇదే ఆమ్లాలు, క్షారాల పాఠం. ఒకే పనికి రెండు పేర్లు. (సున్నం కంటిలో పడితే ప్రమాదం. ఆ పని పెద్దలే చేసి చూపించాలి.)

బెండకాయను అడ్డంగా కోసి, రంగులో ముంచి, కాగితం మీద అద్దితే నక్షత్రం పడుతుంది. దానికి ఎన్ని మూలలో పిల్లలు తమంతట తామే లెక్కపెడతారు. వాకిట్లో చుక్కలు పెట్టి ముగ్గు వేసే అమ్మాయి వరుసలను, సమానమైన దూరాలను కంటితో కొలుస్తుంది. వినాయక చవితికి బంకమట్టి పిసికే పిల్లవాడి వేళ్ళకు బలం వస్తుంది. రేపు పెన్సిల్ పట్టుకొనేది ఆ వేళ్ళే. మూడు, నాలుగేళ్ళ వయస్సులో మణికట్టులోని చిన్న ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు. అటువంటి చేతితో పేజీల కొద్దీ రాయించడం వల్ల అక్షరం రాదు, అక్షరం మీద విసుగు వస్తుంది.

ఇది కొత్త మాట కాదు

ఇది నిన్న మొన్న పుట్టిన వింత అని కొందరు అనుకుంటారు. కాదు. జర్మనీలో ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ 1837లో చిన్నపిల్లల బడిని ప్రారంభించి, 1840లో దానికి 'కిండర్‌గార్టెన్' అని పేరు పెట్టాడు. ఆ మాటకు పిల్లల తోట అని అర్థం. అక్కడి సామగ్రి నూలు బంతులు, కొయ్యతో చేసిన గోళాలు, ఘనాలు. 1907లో రోమ్ నగరంలో పేదల పేటలో మరియా మాంటిస్సోరి తన బడిని తెరిచింది. ఆమె 1939లో మద్రాసులోని అడయారుకు వచ్చి మన ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది.

అంతకుముందే, 1920లో, గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకా బాలమందిరం స్థాపించారు. ఆయన వకీలు వృత్తి వదిలి పిల్లల మధ్యకు వచ్చారు. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్ర సముద్రతీరంలోని బోర్డీ అనే ఊళ్ళో పల్లె పిల్లల కోసం బాలవాడిని మొదలుపెట్టారు. తరువాత ఆమె, అనుతాయి వాఘ్ కోస్‌బాడ్‌లో వార్లీ గిరిజనుల మధ్య పనిచేశారు. పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ళ వాకిళ్ళలోకి తీసుకువెళ్ళారు. గవ్వలు, గులకరాళ్ళు, ఆకులు, పుల్లలే అక్కడి బోధన సామగ్రి. 'అంగన్‌వాడీ' అన్న మాటలోని అంగన్ అంటే వాకిలే. 1975 అక్టోబర్ 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 33 బ్లాకులలో మొదలై, అంగన్‌వాడీలను దేశమంతటికీ తీసుకువెళ్ళింది. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ళ వరకు పునాది దశగా గుర్తించి, ఆటకు, చేతిపనికి పెద్దపీట వేసింది. కాగితం మీద ఈ మాట గెలిచింది. గెలవవలసింది ఇక మన వీధిలో.

కొన్ని అభ్యంతరాలు

"అక్షరాలు రాకపోతే ఒకటో తరగతిలో చేర్చుకోరు" అని మీరు అనవచ్చు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడిలో చేర్చుకొనేటప్పుడు పిల్లలకు గాని తల్లిదండ్రులకు గాని పరీక్ష పెట్టకూడదు. ఈ విషయం తెలిసినవారు తెలియనివారికి చెప్పాలి.

"ఖర్చు ఎవరు భరిస్తారు?" అనవచ్చు. ఇంతవరకు నేను చెప్పినవాటిలో మీ వంటింట్లో, పెరట్లో దొరకనిది ఏదైనా ఉందా?

మూడో అభ్యంతరం బలమైనది. ఒక్క టీచరు, ఒక్క ఆయా. పాతికమంది పిల్లలు. పోషకాహారం, తూకాలు, రిజిస్టర్లు. నీళ్ళ తొట్టి చుట్టూ ఇంతమందిని పెట్టుకొని ఆమె ఏమి చేయగలదు? ఇది నిజమైన కష్టం. దీన్ని టీచరు ఓపిక మీద వదిలేయకూడదు. ఆమెకు సహాయం కావాలి. చిన్న గింజలు పిల్లలు ముక్కులో, నోట్లో పెట్టుకొనే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి ఐదారుగురిని మాత్రమే ఒకసారి కూర్చోబెట్టాలి, పెద్దవారు పక్కన ఉండాలి. ఊళ్ళోని తల్లులు, తాతలు వారానికి ఒక గంట ఇస్తే ఈ పని సాగుతుంది.

నాకు మరొక భయం ఉంది. చేతిపని అన్న పేరుతో చాలాచోట్ల జరుగుతున్నది చేతిపని కాదు. అచ్చువేసిన ఆపిల్ బొమ్మలో అందరూ గీత దాటకుండా ఎర్రరంగు నింపాలి. ప్రదర్శన కోసం అట్ట ఇల్లు కావాలంటే, ముందురోజు రాత్రి తండ్రి దుకాణానికి పరుగెత్తాలి, తల్లి అతికించాలి. మరునాడు పిల్లవాడు దాన్ని మోసుకువెళతాడు. ఇందులో పిల్లవాడి చెయ్యి ఎక్కడుంది? వాడు ఆకాశానికి పచ్చరంగు వేస్తే వేయనివ్వండి. ఎందుకు వేశావని అడగండి. మందలించకండి.

మీరు ఏమి చేయగలరు?

చివరగా మీ గురించి ఒక మాట. మీలో రైతులు ఉన్నారు, కుట్టుపని చేసేవారు ఉన్నారు, తాపీపనివారు ఉన్నారు. ఏ నేలలో ఏ విత్తు మొలుస్తుందో, సిమెంటులో ఇసుక ఎంత కలపాలో మీరు పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. చేసి, తప్పి, మళ్ళీ చేసి నేర్చుకున్నారు. అది చదువు కాదని ఎవరో చెబితే మీరు నమ్మారు. అదీ చదువే. ఆ దారిని మీ పిల్లలకు మూసివేయకండి.

ఈ సాయంత్రం ఒక గుడ్డలో గుప్పెడు పెసలు తడిపి మూటకట్టి, మీ పిల్లల చేతికి ఇవ్వండి. రోజూ విప్పి చూడమనండి. మొలక వచ్చిన రోజు వాళ్ళు మీ దగ్గరకు పరుగెత్తుకొస్తారు. అప్పుడు మీరు చదువుకుంటూ ఉంటే పుస్తకం పక్కన పెట్టి, వాళ్ళు చెప్పేది వినండి.

ఆలోచించి రాయండి

1. గుమ్మం దగ్గర నిలబడ్డ తల్లికి మీరైతే ఏమని సమాధానం చెబుతారు? ఐదు వాక్యాలలో రాయండి.

2. రచయిత అభిప్రాయంతో మీరు ఏకీభవించని అంశం ఒకటి చెప్పి, మీ కారణాలు రాయండి.

3. మీరు చేసే పనిలో నుంచి చిన్నపిల్లలు చేసి చూడగల ప్రయోగం ఒకటి సూచించండి. అందులో తీసుకోవలసిన జాగ్రత్తలు కూడా తెలపండి.